మూలములేని మాట

గడచిన చలికాలమున రెండు దినములు సెలవు పెట్టి, వికీపీడియాకు వ్రాయువారి ప్రాంతీయ సభ యొకదానికి పోయి వచ్చితిని. సభ యే యూర జరిగినదో, దాని నెవరు నడపిరో ఇచ్చట వ్రాయను. నేను చెప్పబోవు లోపములు ఆ యొక్క సభవి కావు. అట్టి సభలన్నిటను కొంచెము హెచ్చుతగ్గుగా కానవచ్చునవి. అదియునుగాక, వానిలో పెద్దది నా స్వంత లోపమే.

వికీపీడియా పేరు వినని యిల్లు నేడు అరుదు. పిల్లలు బడిలో ఇచ్చిన పనికి, పెద్దలు మందు పేరునకో సినిమా పేరునకో ఫోనులో వెదకినచో మొదట కనబడు పుట తఱచుగా దానిదే. కాని దానిని వ్రాయువారెవరని యడిగినచో చాలమంది "ఏదో కంపెనీవారు" అందురు. నా తరగతిలో నొక బాలుడు "కంప్యూటరే రాసుకుంటుందండీ" అనెను. నిజమునకు దానిని వ్రాయువారు జీతము బత్తెము లేని మనుష్యులు. 2001 జనవరిలో ఆంగ్లమున మొదలైన యీ పని 2003 డిసెంబరులో తెలుగున మొదలైనది. తెలుగు వ్యాసములు నేడు లక్షకు పైబడినవి. వ్రాయువారో, నిత్యము పనిచేయువారిని మాత్రమే లెక్కించినచో ఒక పెండ్లిలో ఒక బంతికి సరిపోవుదురు.

వీరు ఒకరి మొగ మొకరు చూడక, కొందఱు మాఱుపేరులతో, ఏండ్ల తరబడి కలిసి పనిచేయుదురు. కలిసి పోట్లాడుదురు కూడ. అందువలన అప్పుడప్పు డొకచోట కూడుకొనుట యవసరమైనది. దేశమంతటికి నట్టి సభలు 2011లో ముంబయిలోను, 2016లో చండీగఢ్‌లోను, 2023 ఏప్రిలులో మన హైదరాబాదులోను జరిగినవి. నేను పోయినది అంత పెద్దది కాదు. దక్షిణాది భాషలవారు నూఱుమందికి లోపుగా వచ్చిరి.

మెచ్చవలసినది మొదట మెచ్చెదను. ఉద్యోగము చాలించుకొన్న ఇంజనీరొకరు కాలేజీ బాలిక ప్రక్కన కూర్చుండి, ఛాయాచిత్రము నెక్కించు విధము ఆమె వలన నేర్చుకొనుచుండగా చూచితిని. అచ్చట కులమడిగినవారు లేరు; ఉద్యోగమడిగినవారును లేరు. వీరు కల్పించుకొన్న మాటలు నన్ను మఱియు సంతోషపెట్టినవి. కమిటీలు వేసి కల్పించిన పారిభాషిక పదములు గ్రంథాలయపు అలమారులలో నిద్రించుచుండగా, వీరి మాటలు దినదినము వాడుకలో నలుగుచున్నవి. అసంపూర్ణమగు చిన్న వ్యాసము "మొలక." అందఱు కూడి మాటలాడుకొను పుట "రచ్చబండ." క్రొత్తవారు తప్పులు చేసి నేర్చుకొను చోటు "ప్రయోగశాల." వ్యాసముల మీద అతికించు హెచ్చరిక చీటి "మూస." ఒకే పేరుగల పెక్కు విషయములను విడదీసి చూపు పుటకు "అయోమయ నివృత్తి" యని పేరు. సంస్కృతమున అయోమయమనగా ఇనుముతో చేసినది. కావున ఆ మాటను తొలుత చూచినపుడు నేను, ఇనుమును తొలగించు ఉపాయమేదో కాబోలునని చదువుకొంటిని. తెలుగువారి అయోమయము వేఱని పిమ్మట జ్ఞప్తికి వచ్చినది.

ఇక విమర్శ. మొదటి దినము ఉదయమంతయు అంకెలతో గడచినది. ఒక్కొక్క భాషవారు లేచి తమ వ్యాసములెన్ని, దిద్దుబాట్లెన్ని, పోటీలలో గెలిచినవారెవరు అని తెర మీద చూపిరి. తమిళులు మనకంటె నెక్కువ. కన్నడిగులకంటె మన మెక్కువ. మలయాళులు, సంఖ్యలో తక్కువైనను మా వ్యాసములు నిడుపైనవి అని చెప్పుకొనిరి. చప్పట్లు మ్రోగినవి. నేనును కొట్టితిని.

మా తాతగారి యూరి పేర నొక తెలుగు వ్యాసము కలదు. 2011 జనాభా లెక్కల ననుసరించి అందు ఇండ్లెన్ని, పురుషులెందఱు, స్త్రీలెందఱు, సాగుభూమి యెన్ని హెక్టార్లు, పాలిటెక్నిక్ ఎంత దూరము అను సంగతులున్నవి. ఇట్టి వ్యాసములు వేలకొలది కలవు. వాక్యము లొక్కటే, అంకెలే వేఱు. అవి తప్పులు కావు, వానికి మూలమున్నది, ఊరి పేరైనను లేకుండుటకంటె అది మేలే. కాని మా ఇంట నా భార్య ఆ పుట చదివి, "ఇది మన ఊరి గురించా, రేషను కార్డు గురించా?" అని నవ్వినది. రెండు దినముల సభలో ఆ ప్రశ్న నెవ్వరును వేయలేదు. ఒక్క వ్యాసమునైనను పైకి చదివి, ఇది బాగున్నది, ఇది బాగులేదు, ఈ వాక్యము తెలుగు కాదు అని చర్చించినవారు లేరు. వ్రాతగాండ్ర సభలో వ్రాసినది చదువకుండుట వంటవారి సభలో రుచి చూడకుండుట వంటిది. యంత్రము చేసిన యనువాదములను సరిచూడక దింపుకొను నలవాటు పెరుగుచున్నది. అట్టి వ్యాసములలో కర్త తూర్పున నుండును, క్రియ పడమట నుండును. నడుమ చదువరి తిరుగుచుండును. దానిని గుఱించి ఒకరిద్దఱు టీ త్రాగుచు గొణిగికొనిరి గాని సభలో లేవలేదు. సరే, అది యట్లుండనిండు.

నేనీ వ్యాసము వ్రాయుటకు కారణమైనది రెండవ దినము మధ్యాహ్నము జరిగినది. భోజనానంతరము "మూలములు" అను విషయముపై నొక యువకుడు మాటలాడెను. గదిలో సగము కుర్చీలు ఖాళీ. ఆతడు బాగుగనే చెప్పెను. వికీపీడియాలో వ్రాయు ప్రతి మాటకు ప్రకటింపబడిన యాధార ముండవలెను. ఏ పక్షమునకు ఒరగక వ్రాయవలెను. వ్రాయువాడు తాను స్వయముగా కనిపెట్టిన దానిని చేర్చరాదు. ఈ మూడును దాని మూలసూత్రములు.

తర్కము చదివినవానికి ఇందొక వింత కనబడును. నైయాయికులు ప్రమాణములు నాలుగన్నారు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. వికీపీడియావారు మొదటి మూటిని గడప వెలుపలనే నిలిపి శబ్దము నొక్కదానినే లోనికి రానిచ్చిరి. శబ్దమందైనను ఆప్తుడు నోట పలికినది చాలదు. అది యెచ్చటనో ప్రకటింపబడి యుండవలెను. ప్రకటించినవాడు ఆ విషయముతో సంబంధము లేనివాడై యుండవలెను. నేను నా కన్నులార చూచిన చెఱువును గుఱించి వ్రాసినచో "స్వంత పరిశోధన" యని కొట్టివేయుదురు. ఆ చెఱువును చూడని విలేకరి దినపత్రికలో నాలుగు వాక్యములు వ్రాసినచో అది మూలమగును.

ఇది నవ్వులాటగా తోచవచ్చును గాని నవ్వదగినది కాదు. వ్రాయువాడెవడో తెలియని చోట వాని యోగ్యతను నమ్ముట కెట్లు వీలగును? కావున వానిని విడిచి, వాడు చూపు కాగితమును నమ్ముచున్నారు. ఈ నియమమే లేకున్నచో ఏమగునో నే నెఱుగుదును. తమ కులము ఫలానా ఋషి సంతతి యనియు, తమ నాయకుడు పుట్టినపుడు ఊర వాన కురిసినదనియు, తమ తాత గాంధీగారితో కలిసి భోజనము చేసెననియు వ్రాసిన వాక్యములను ఎన్నిటినో నా చేతితో తీసివేసితిని. అడిగినచో అందఱిది నొకటే మాట: "మా పెద్దలు చెప్పారు."

ఆ యువకుని యుపన్యాసము ముగిసిన పిమ్మట వెనుకవరుసలో కూర్చున్న యొకామె లేచినది. అఱువదేండ్లుండవచ్చును. గృహిణి, మనుమరాలి కొఱకు ఫోనులో తెలుగు టైపు చేయుట నేర్చుకొని, ఆ నేర్పుతో వికీపీడియాలోనికి వచ్చినదట.

"బాబూ, అచ్చులో లేనిది లేనట్టేనా?" అని యడిగినది.

అతడు మర్యాదగా, లేనట్లు కాదనియు, వికీపీడియాలో వ్రాయుటకు మాత్రము వీలు లేదనియు చెప్పెను.

"మా ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపని రోజుల్లో ఒకావిడ తన అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పింది. మా అమ్మ అక్కడే సంతకం నేర్చుకుంది. ఆవిడ గురించి రాస్తే తీసేశారు," అని చెప్పి కూర్చున్నది. యువకుడు విచారము తెలిపెను. కాలము చాలనందున తరువాతి ప్రసంగము మొదలైనది.

టీ వేళ నామె నా కడకు వచ్చి నా మెడలోని పేరు చీటిని కండ్లజోడు పైకెత్తి చదివినది. "ఆ మూస పెట్టింది మీరేనటగా, మాస్టారూ?" అనెను. కోపము లేదు. అందువలన నాకు మఱింత కష్టమైనది.

నిజమే. పరీక్ష కాగితములు దిద్దుచు, నడుమనడుమ క్రొత్త వ్యాసములను చూచుట నా యలవాటు. ఎఱ్ఱసిరా చేత నున్నపుడు మనస్సు కూడ ఎఱ్ఱసిరాగా మాఱును. ఒక రాత్రి పదునొకండు వాక్యముల వ్యాసమొకటి కనబడినది. బాల్యవితంతువైన ఉపాధ్యాయిని జీవితము. 1948 మొదలుకొని పండ్రెండేండ్లు ఇంటి యరుగు మీద బాలికలకు చదువు చెప్పినదట. మూలము లొక్కటియు లేవు. "విషయ ప్రాముఖ్యత లేదు" అని తొలగింపు మూస పెట్టి, మఱల కాగితములలో పడితిని. వారము గడచినను ఎవ్వరును ఆక్షేపింపలేదు. వ్రాసినామెకు ఆక్షేపించు చోటెక్కడనో తెలియదు. నిర్వాహకులు తొలగించిరి. నియమము ప్రకారము అంతయు సరిగానే జరిగినది. ఆ పదునొకండు వాక్యములు వ్రాయుట కామెకు నాలుగు దినములు పట్టినదని టీ కప్పు చేతబట్టుకొని నిలుచున్నపుడు తెలిసినది.

ఇట్టి తప్పు మన యూరివారికే జరుగునదికాదు. 2018లో డోనా స్ట్రిక్లాండ్ అను కెనడా శాస్త్రజ్ఞురాలిని గుఱించి యొకరు ఆంగ్ల వికీపీడియాకు వ్యాసము వ్రాసి పంపగా, ఆమె ప్రాముఖ్యతకు చూపిన మూలములు చాలవని త్రిప్పి పంపిరి. ఆ యేడే అక్టోబరు 2వ తేదీన ఆమెకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఆనాటికి ఆమె పేర వ్యాసము లేదు. ఆంగ్ల వికీపీడియాలోని జీవితచరిత్రలలో స్త్రీలవి నేటికిని ఇంచుమించుగా ఐదింట నొకటి. నోబెల్ వచ్చినవారికి మఱునాడైనను వ్యాసము పుట్టును. అరుగు మీద కూర్చుండి ఓనమాలు దిద్దించినవారికి అట్టి మఱునాడు రాదు.

మఱి యేమి చేయవలెను? నియమమును సడలింపుడని కొందఱందురు. 2011లో అచల్ ప్రభాల అనువారు ఈ దారినే కొంత దూరము నడచి చూచిరి. అచ్చులో లేని ఆటలు, వంటలు, ఆచారములు మొదలగువానిని ఎఱిగినవారి నోట విని, ఆ మాటలను ధ్వనిముద్రణ చేసి, దానినే మూలముగా చూపుట వారి పద్ధతి. మలయాళము, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషలలో ఈ పని చేసిరి. దానిపై "పీపుల్ ఆర్ నాలెడ్జ్" అను చిత్రమును తీసిరి. ఆ ప్రయోగమును మన సభలో నొక్కరైనను తలపెట్టకపోవుట నాకు వింతగా తోచినది. అయినను అది యొక్కటే చాలునని నేననను. ఒకని నోటిమాటను నమ్మి తలుపు తెఱచినచో, ఆ తలుపుననే ఋషి సంతతి కథలును లోనికి వచ్చును. ఇద్దఱు ముగ్గురు వేర్వేఱుగా చెప్పినది, చెప్పినవారి పేరు, వయస్సు, విన్న తేది వ్రాసి భద్రపఱచినది వేఱు. "మా పెద్దలు చెప్పారు" వేఱు. ఈ తారతమ్యము నేర్పుటకు ఒక పూట కేటాయించి యుండవచ్చును. అంకెలకు కేటాయించిన పూటయే చాలియుండెడిది.

సభలో తఱచుగా వినబడిన పేరు కొమర్రాజు లక్ష్మణరావుగారిది. అది న్యాయమే. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన యాయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, ఒంటిచేతి మీద లాగి, అది వర్ణమాల తొలి యక్షరములలో నుండగనే 1923లో గతించిరి. తెలుగు వికీపీడియావారు తమ పురస్కారమునకు ఆయన పేరే పెట్టుకొన్నారు. కాని ఆయన అక్కగారి పేరు ఆ రెండు దినములలో నా చెవిని పడలేదు. బడికి పోక, తమ్ముని సాయమున ఇంటనే చదువు నేర్చుకొన్న భండారు అచ్చమాంబగారు, తమ్ముని విజ్ఞాన సర్వస్వమునకు పదేండ్లు ముందుగానే "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర స్త్రీల జీవితచరిత్రలను కూర్చి 1901లో అచ్చువేయించిరి. 1905లో చిన్న వయస్సుననే కాలధర్మము నొందిరి. స్త్రీలను గుఱించిన మూలములు లేవని మొఱపెట్టుటకు మాఱుగా ఆమె మూలమును తయారుచేసిరి. నేను మూస పెట్టితిని. ఈ రెండు పనులకు నడుమ నున్న దూరము ఆ సాయంకాలము రైలులో నన్ను నిద్రపోనీయలేదు.

నా యభిప్రాయమున ఇట్టి సభలు చేయవలసిన పని యిది. నియమ మట్లే యుండనిండు. మూలములను వెదకుటకు, లేనిచో పుట్టించుటకు కూడుడు. మన స్త్రీల పాత పత్రికలు తక్కువవి కావు. "హిందూసుందరి" 1902లో మొదలైనది, "గృహలక్ష్మి" 1928లో. అట్టివానిలో ఊరూర స్త్రీసమాజములు పెట్టినవారి, బాలికలకు చదువు చెప్పినవారి పేరులు ఎన్ని దాగియున్నవో పుట త్రిప్పినవారికే తెలియును. రచయిత గతించిన పిమ్మట అఱువదేండ్లు నిండిన రచనలపై మన దేశమున హక్కులుండవు. వానిని వికీసోర్సులో ఉంచవచ్చును. ఎంతమంది యిండ్లలో ఎన్ని సంచికలు అటుకుల మీద చెదలు తినుచున్నవో! సభకు గ్రంథపాలకుల నొక్కరినైనను పిలువలేదు. ఊరి చరిత్ర వ్రాయు వృద్ధులను, పత్రికా సంపాదకులను పిలువలేదు. చరవాణిలో క్రొత్త మీట యెక్కడ వచ్చినదో చెప్పువారిని మాత్రము నలుగురిని పిలిచిరి.

ఇందు ఈ పత్రిక చదువు ఇల్లాండ్రకును పాలు కలదు. మీ యమ్మమ్మ యెవరి కడ చదువు నేర్చెనో, మీ యూర మొదటి మంత్రసాని కాన్పులు చేయుట యెచ్చట నేర్చుకొనెనో, మొదటి వితంతు వివాహము ఎవరి యింట జరిగినదో నాలుగు పుటలు వ్రాసి ఏదేని పత్రికకు పంపుడు. సంపాదకుడు పరిశీలించి అచ్చువేసినచో, నావంటివాడు ఎఱ్ఱసిరా చేతబట్టుకొని వచ్చినను దానిని కొట్టివేయలేడు.

ఈ మాట నా మిత్రునితో చెప్పగా ఆయన నవ్వి, "అయితే ఈ వ్యాసంలోనే ఆవిడ పేరు, ఊరు రాసెయ్యవయ్యా. రేపు ఇదే మూలమవుతుంది" అనిరి. ఆలోచించి మానుకొంటిని. తొలగించినవాడే మూలము వ్రాసి, దానిని తానే చూపి, వ్యాసమును తానే నిలుపుట నియమమునకు కన్నుగప్పుట యగును. అంతకంటె ముఖ్యముగా, ఆమెను గుఱించి నాకు తెలిసినది ఏమియు లేదు. నేను విన్నది ఒక టీ కప్పు చల్లాఱునంతసేపు మాత్రమే.

సభ ముగిసి వచ్చిన పిమ్మట నిర్వాహకులను కోరగా, తొలగించిన వ్యాసమును ఆమె ప్రయోగశాలలో మఱల నుంచిరి. నెల దినములకు నాకొక కవరు వచ్చినది. ఆ యూరి ప్రాథమిక పాఠశాల 1961లో పుట్టినదట. దాని స్వర్ణోత్సవ సంచికలోని మూడు పుటల నకళ్లు అందున్నవి. మొదటి పుటలో స్థలదాతగారి నిలువెత్తు ఛాయాచిత్రము. రెండవదానిలో కమిటీ యధ్యక్షుల సందేశము. మూడవ పుటలో, అడుగున, బడి పుట్టుటకు ముందు ఆ యూర నొకామె అరుగు మీద పిల్లలకు చదువు చెప్పెడిదని ఒక్క వాక్యము. పేరున్నది, ఇంటి పేరు తప్పుపడినది.

ఒక బడి తన యుత్సవమునకు వేసికొన్న సంచిక స్వతంత్రమైన మూలమగునా యని రచ్చబండలో చర్చ జరుగుచున్నది. అగునని ఇద్దఱు, చాలదని ఒకరు. ఆ చాలదన్నవాడు నేను కాను. నేనింకను ఏమియు వ్రాయలేదు. పదునొకండు వాక్యములలో ఆమె స్వయముగా ఎనిమిది తీసివేసి మూడు మిగిల్చినది. చర్చాపుటలో నా పేరిట రెండు వాక్యములు వ్రాసినది: ఆ యరుగు మీద చదువుకొన్నవారిలో ఇద్దఱింకను బ్రతికియున్నారట, ఎనుబది దాటినవారు, ఒకామెకు చెవులు వినబడవుగాని వ్రాసి చూపినచో చదువుకొనునట. వేసవి సెలవులు ఇచ్చినవెంటనే వచ్చెదనని జవాబు వ్రాసితిని. ధ్వనిముద్రణ యంత్రము నడుపుట మా పెద్దమ్మాయికి వచ్చును, ఆమెయు వచ్చుచున్నది.